పర్యావరణ నిరసనలు - శిక్షా చట్టాలు (ఆంధ్ర ప్రదేశ్)

భూమి, నీరు, గాలి, వాతావరణము దెబ్బతింటున్నవని భావించిన ప్రజలు రహదారులను దిగ్బంధించుట, నిర్మాణ పనులను అడ్డుకొనుట, కార్యాలయాల ముందు బైఠాయించుట వంటి పద్ధతులలో చేసే ఆందోళనలను పర్యావరణ నిరసనలు అంటారు. ఇటువంటి నిరసనకారులపై ప్రయోగించే నేర చట్టాలు, వాటిలోని శిక్షలు, ఆ శిక్షలు ఆచరణలో అమలయ్యే తీరు ఈ వ్యాసములోని విషయము. బ్రిటన్, ఆస్ట్రేలియా వంటి దేశాలలో ఈ నిరసనలను అరికట్టుటకే కొత్త చట్టాలు వచ్చినవి. భారత దేశములో అటువంటి ప్రత్యేక చట్టము లేదు. శాంతి భద్రతలకు సంబంధించిన సాధారణ సెక్షన్లనే ఇక్కడ వాడుతారు. కృష్ణా డెల్టా అంచున, చెన్నై - కోల్‌కతా జాతీయ రహదారిపై ఉన్న మంగళగిరి పరిసరాలలో 2019 తరువాత జరిగిన ఘటనలు ఈ సెక్షన్లు పనిచేసే తీరును అర్థము చేసుకొనుటకు ఉపకరిస్తాయి.

మంగళగిరి నేపథ్యము

మంగళగిరి గుంటూరు జిల్లాలోని పట్టణము. 2021లో తాడేపల్లితో కలిపి దీనిని నగర పాలక సంస్థగా చేశారు. విజయవాడ, గుంటూరు నగరాల మధ్య 16వ నెంబరు జాతీయ రహదారి ఈ ప్రాంతము గుండా సాగుతుంది. రాష్ట్ర పోలీసు ప్రధాన కార్యాలయము మంగళగిరిలోనే ఉన్నది. రాష్ట్ర హైకోర్టు సమీపములోని నేలపాడులో ఉన్నది. అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ (ఎయిమ్స్) మంగళగిరిలో ఉండగా, ప్రక్కనే ఉన్న చినకాకానిలో మరొక వైద్య కళాశాల ఆసుపత్రి ఉన్నది. కావున ఇక్కడ రహదారి ఆగితే రోగుల ప్రయాణము కూడా ఆగుతుంది.

2014 చివర ప్రారంభమైన రాజధాని భూసమీకరణలో ఈ మండలములోని కృష్ణాయపాలెము, నవులూరు, ఎర్రబాలెము, కురగల్లు, నిడమర్రు తదితర గ్రామాలు చేరినవి. ఏటా మూడు పంటలు పండే భూములను, కొండవీటి వాగు ముంపు ప్రాంతాన్ని నగర నిర్మాణానికి తీసుకొనుటపై కొందరు రైతులు, పర్యావరణవాదులు అభ్యంతరము తెలిపారు. ఈ వివాదము జాతీయ హరిత ట్రిబ్యునల్ ముందుకు వెళ్ళినది. ట్రిబ్యునల్ 2017 నవంబరు 17న రాజధాని నిర్మాణానికి షరతులతో సమ్మతి తెలిపినది. వరద మైదానాలను, నీటి సహజ ప్రవాహాన్ని కాపాడవలెనని చెప్పి, పర్యవేక్షణకు కమిటీలను ఏర్పరచినది. ముంపు నివారణకై 2018లో ఉండవల్లి వద్ద 5,000 క్యూసెక్కుల సామర్థ్యము గల ఎత్తిపోతల పథకము ప్రారంభమైనది.

ఈ ప్రాంతములో వాతావరణ మార్పు దూరపు విషయము కాదు. 2024 సెప్టెంబరు మొదటి వారములో ప్రకాశం బ్యారేజి వద్ద కృష్ణా నదికి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినది. అది బ్యారేజి చరిత్రలోనే అత్యధికము. అదే సమయములో బుడమేరుకు గండ్లు పడి విజయవాడలోని సింగ్ నగర్ తదితర ప్రాంతాలు రోజుల తరబడి నీటిలో ఉన్నవి. నీటి దారుల గురించి ప్రశ్నించుట, ఆ ప్రశ్నను వినిపించుటకు రోడ్డెక్కుట ఈ ప్రాంత ప్రజలకు జీవన్మరణ సమస్య.

ఇతర దేశాలలో

బ్రిటన్: 2022లో వచ్చిన పోలీసు, నేర, శిక్షా చట్టము "ప్రజా కంటకము" అనే పాత నేరాన్ని శాసన రూపములో నిర్వచించి, దానికి 10 సంవత్సరాల వరకు జైలు శిక్ష విధించినది. 2023లో వచ్చిన పబ్లిక్ ఆర్డర్ చట్టము గొలుసులతోనో జిగురుతోనో తమను తాము బంధించుకొనుటను, నిరసన కొరకు సొరంగాలు తవ్వుటను, ముఖ్యమైన రవాణా వ్యవస్థలకు ఆటంకము కలిగించుటను ప్రత్యేక నేరాలుగా చేసినది. 2022 నవంబరులో లండను చుట్టూ ఉన్న ఎమ్25 రహదారిని స్తంభింపజేయుటకు కుట్ర చేశారన్న కేసులో "జస్ట్ స్టాప్ ఆయిల్" సంస్థకు చెందిన రోజర్ హాలమ్‌కు 2024 జూలైలో 5 సంవత్సరాల జైలు శిక్ష, మరి నలుగురికి 4 సంవత్సరాల చొప్పున శిక్ష పడినవి. 2025 మార్చిలో అప్పీలు కోర్టు హాలమ్ శిక్షను 4 సంవత్సరాలకు, మిగిలిన వారి శిక్షలను 3 సంవత్సరాలకు లేదా 30 నెలలకు తగ్గించినది. వాతావరణ సంక్షోభము తమను ఆ పనికి పురికొల్పినదన్న వాదనను నేర నిర్ధారణలో సమర్థనగా ఆ విచారణ న్యాయమూర్తి అంగీకరించలేదు.

ఆస్ట్రేలియా: న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రము 2022 ఏప్రిల్‌లో తన చట్టాలను సవరించి, ప్రధాన రహదారులు, వంతెనలు, రేవులను అడ్డుకొన్నవారికి 2 సంవత్సరాల జైలు, 22,000 డాలర్ల జరిమానా వరకు శిక్షలు పెట్టినది. 2023 డిసెంబరులో ఆ రాష్ట్ర సుప్రీం కోర్టు ఈ సవరణలోని కొంత భాగము రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసినది.

జర్మనీ: బవేరియా రాష్ట్ర పోలీసు చట్టము ప్రకారము నేరము జరుగక ముందే ముందస్తు నిర్బంధము విధించవచ్చును. 2022 నవంబరులో రోడ్లపై చేతులను అంటించుకొన్న "చివరి తరము" సంస్థ కార్యకర్తలు కొందరిని ఈ పద్ధతిలో 30 రోజుల వరకు నిర్బంధించుటకు ఉత్తర్వులు వెలువడినవి.

ఈ దేశాలలో శిక్ష ఎంతో చట్టములో స్పష్టముగా ఉన్నది, కోర్టు తీర్పు తరువాత అది అమలౌతుంది. జర్మనీ ముందస్తు నిర్బంధము మాత్రము దీనికి భిన్నమైనది. భారత దేశములో సాధారణముగా కనిపించేది దానిని పోలిన పద్ధతియే.

భారత దేశములో వర్తించే సెక్షన్లు

2024 జూలై 1 నుండి భారత శిక్షాస్మృతి స్థానములో భారతీయ న్యాయ సంహిత, నేర ప్రక్రియా స్మృతి స్థానములో భారతీయ నాగరిక సురక్షా సంహిత అమలులోకి వచ్చినవి. ఆ తేదీకి ముందు జరిగిన ఘటనలలో నేర నిర్ణయము, శిక్ష పాత శిక్షాస్మృతి ప్రకారమే ఉంటాయి. నిరసనకారులపై సాధారణముగా పెట్టే సెక్షన్లు ఇవి:

* చట్టవిరుద్ధ సమావేశము - ఐదుగురు లేక అంతకు మించి చట్టము నిషేధించిన ఉద్దేశముతో గుమికూడుట. పాత 143, కొత్త 189వ సెక్షను. 6 నెలల వరకు జైలు.
* దొమ్మీ - పాత 147, కొత్త 191వ సెక్షను. 2 సంవత్సరాల వరకు జైలు.
* నిషేధాజ్ఞల ఉల్లంఘన - పాత 188, కొత్త 223వ సెక్షను. పాత చట్టములో సాధారణ సందర్భాలలో 1 నెల వరకు, ప్రాణహాని లేక అల్లర్ల ప్రమాదము ఉంటే 6 నెలల వరకు జైలు ఉండేది. కొత్త చట్టములో ఇవి వరుసగా 6 నెలలు, 1 సంవత్సరముగా పెరిగినవి.
* దారిని అడ్డగించుట - పాత 283, కొత్త 285వ సెక్షను. పాత జరిమానా రు. 200 వరకు, కొత్త జరిమానా రు. 5,000 వరకు.
* వ్యక్తులను అక్రమముగా నిరోధించుట - పాత 341, కొత్త 126వ సెక్షను. 1 నెల వరకు జైలు.
* ప్రభుత్వోద్యోగి విధులకు ఆటంకము కలిగించేందుకు దౌర్జన్యము - పాత 353, కొత్త 132వ సెక్షను. 2 సంవత్సరాల వరకు జైలు.
* హత్యాయత్నము - పాత 307, కొత్త 109వ సెక్షను. 10 సంవత్సరాల వరకు, గాయము కలిగితే యావజ్జీవము వరకు.
* జాతీయ రహదారుల చట్టము (1956) 8బి సెక్షను - జాతీయ రహదారికి నష్టము కలిగించి, దానిని ప్రయాణానికి పనికిరాకుండా లేక సురక్షితము కాకుండా చేసినచో 5 సంవత్సరాల వరకు జైలు.
* ప్రజా ఆస్తుల విధ్వంస నిరోధక చట్టము (1984) 3వ సెక్షను - 5 సంవత్సరాల వరకు జైలు.

నేరము జరుగక ముందే వాడే అధికారాలు వేరుగా ఉన్నవి. పాత స్మృతిలోని 144వ సెక్షను (కొత్త 163) క్రింద మేజిస్ట్రేటు నిషేధాజ్ఞలు ఇవ్వవచ్చును. ఈ ఉత్తర్వు 2 నెలల వరకు అమలులో ఉంటుంది. రాష్ట్ర ప్రభుత్వము దానిని మరి 6 నెలల వరకు పొడిగించవచ్చును. 151వ సెక్షను (కొత్త 170) క్రింద నేరము చేయబోతున్నారన్న కారణముతో పోలీసులు 24 గంటల వరకు నిర్బంధములో ఉంచవచ్చును. 107వ సెక్షను (కొత్త 126) క్రింద శాంతిని కాపాడుతామని పూచీకత్తు వ్రాయించుకొంటారు, దీనినే వాడుకలో "బైండోవర్" అంటారు. 1861 నాటి పోలీసు చట్టములోని 30వ సెక్షను ఊరేగింపులకు అనుమతి తీసుకోవలెనని కోరుటకు అధికారము ఇస్తుంది. దాని ఉల్లంఘనకు జరిమానా కేవలము రు. 200 వరకే. అయినప్పటికీ "30 యాక్టు అమలులో ఉన్నది" అన్న ప్రకటన రాష్ట్రములోని ఊళ్ళలో తరచు వినబడుతుంది. ఈ ప్రకటన జరిమానా కొరకు కాక, శిబిరము టెంటును తీసివేయించుటకే ఎక్కువగా ఉపయోగపడుతుంది.

ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలలో ముఖ్య ఘటనలు

సోంపేట (2010): శ్రీకాకుళం జిల్లా సోంపేట వద్ద బీల చిత్తడి నేలలలో నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీ 2,640 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రాన్ని తలపెట్టినది. బీల నీటిపై ఆధారపడిన రైతులు, మత్స్యకారులు దీనిని వ్యతిరేకించారు. 2010 జూలై 14న పోలీసులు జరిపిన కాల్పులలో ప్రాణనష్టము జరిగినది. అదే రోజున జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ కేంద్రానికి ఇచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసినది. అనుమతి ఒక్క రోజులో రద్దయినది, గ్రామస్థులపై పెట్టిన కేసులు మాత్రము సంవత్సరాల తరబడి నడిచినవి.

కాకరాపల్లి (2011): అదే జిల్లాలో తేలినీలాపురము విదేశీ పక్షుల విడిది కేంద్రానికి సమీపముగా తలపెట్టిన థర్మల్ విద్యుత్ కేంద్రముపై సాగిన ఆందోళనలో 2011 ఫిబ్రవరి 28న పోలీసు కాల్పులు జరిగి గ్రామస్థులు మరణించారు.

తుందుర్రు (2016): పశ్చిమ గోదావరి జిల్లా భీమవరము మండలములోని ఆక్వా ఫుడ్ పార్కు వ్యర్థ జలాలు గొంతేరు కాలువను కలుషితము చేస్తాయని తుందుర్రు, కంసాలి బేతపూడి, జొన్నలగరువు గ్రామాలవారు ఆందోళన చేశారు. గ్రామాలలో 144వ సెక్షను విధించారు. హత్యాయత్నము సెక్షనుతో సహా కేసులు నమోదైనవి, మహిళలు సైతము జైలులో గడపవలసి వచ్చినది.

కంచ గచ్చిబౌలి (2025): హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయము ప్రక్కన 400 ఎకరాలలో చెట్లను తొలగించుటను అడ్డుకొన్న విద్యార్థులను 2025 మార్చి 30న పోలీసులు అదుపులోనికి తీసుకొన్నారు, వారిలో ఇద్దరిని రిమాండుకు పంపారు. ఏప్రిల్ 3న సుప్రీం కోర్టు ఈ విషయాన్ని తనంత తానుగా విచారణకు స్వీకరించి పనులను నిలిపివేయించినది. కొద్ది రోజులకే తెలంగాణ ప్రభుత్వము విద్యార్థులపై కేసులను ఉపసంహరించుకొనుటకు నిర్ణయించినది.

కరేడు (2025): ఉలవపాడు మండలములోని కరేడు గ్రామస్థులు సౌర పరికరాల పరిశ్రమకు వేల ఎకరాలు సేకరించుటను వ్యతిరేకిస్తూ 2025 జూన్‌లో 16వ నెంబరు జాతీయ రహదారిపై రాస్తారోకో చేశారు. వాతావరణ మార్పుకు పరిష్కారముగా చెప్పబడే సౌర శక్తి కొరకే ఈ భూసేకరణ తలపెట్టినందువలన, ఇటువంటి నిరసనలను "వాతావరణము కొరకు" లేక "వాతావరణ చర్యకు వ్యతిరేకముగా" అని విడదీయుట కష్టమని ఈ ఘటన తెలుపుతున్నది. చట్టము దృష్టిలో మాత్రము ఈ రెండింటికీ భేదము లేదు.

మంగళగిరి పరిసరాలలో ఘటనలు

రాష్ట్రానికి మూడు రాజధానులు ఉండవచ్చునని 2019 డిసెంబరు 17న శాసన సభలో చేసిన ప్రకటన తరువాత అమరావతి గ్రామాలలో మొదలైన ఉద్యమము 1,600 రోజులకు పైగా, 2024 జూన్ వరకు సాగినది. ఇది పర్యావరణ ఉద్యమము కాదు. పర్యావరణ కారణాలపై రాజధానిని ప్రశ్నించిన రైతులు, రాజధాని కొరకు భూములిచ్చి దాని తరలింపును వ్యతిరేకించిన రైతులు వేర్వేరు పక్షాలు. అయినను పోలీసులు వాడిన సెక్షన్లు సోంపేట, తుందుర్రులలో కనిపించినటువంటివే.

2020 జనవరి 7న రైతులు మంగళగిరి మండలములోని చినకాకాని వద్ద జాతీయ రహదారిని దిగ్బంధించారు. ఆ సందర్భములో అటుగా వచ్చిన ఒక శాసన సభ్యుని కారుపై దాడి జరిగినది. దీనిపై కేసులు నమోదైనవి. శాంతియుతముగా రోడ్డుపై కూర్చున్నవారు, రాళ్ళు రువ్వినవారు ఒకే సమూహములో ఉన్నప్పుడు చిక్కు వస్తుంది. "ఉమ్మడి ఉద్దేశము" అనే సూత్రము (పాత 149, కొత్త 190వ సెక్షను) ప్రకారము సమూహములోని ఒకరు చేసిన నేరానికి అందరూ బాధ్యులు కావచ్చును. తాను రాయి విసరలేదని నిరూపించుకొనే భారము ఆచరణలో నిందితునిపైనే పడుతుంది.

అదే నెలలో గ్రామాలలో 144వ సెక్షను విధింపుపైన, మహిళల పట్ల పోలీసుల ప్రవర్తనపైన హైకోర్టు ప్రభుత్వాన్ని ప్రశ్నించినది.

2020 అక్టోబరులో మంగళగిరి మండలములోని కృష్ణాయపాలేనికి చెందిన ఏడుగురు రైతులను, మూడు రాజధానులకు మద్దతుగా వెళుతున్నవారిని అడ్డుకొన్నారన్న ఫిర్యాదుపై షెడ్యూల్డు కులాలు, తెగల అత్యాచారాల నిరోధక చట్టము క్రింద అరెస్టు చేశారు. నిందితులలో షెడ్యూల్డు కులాలవారు కూడ ఉన్నారన్న వార్త వివాదాస్పదమైనది. అక్టోబరు 27న వీరిని నరసరావుపేట నుండి గుంటూరు జైలుకు తరలించునప్పుడు చేతులకు బేడీలు వేసినట్లు బయటపడినది. బాధ్యులైన పోలీసు సిబ్బందిని సస్పెండు చేశారు. మేజిస్ట్రేటు అనుమతి లేక, తగిన కారణము లేక బేడీలు వేయరాదని సుప్రీం కోర్టు 1980లోనే ప్రేమ్ శంకర్ శుక్లా కేసులో చెప్పినది. కొత్త నాగరిక సురక్షా సంహితలోని 43వ సెక్షను కొన్ని తీవ్ర నేరాలలో బేడీలకు అవకాశము కల్పించినది. రాస్తారోకో వంటి నేరాలు ఆ జాబితాలో లేవు.

న్యాయస్థానాల తీర్పులు

నిరసన హక్కు రాజ్యాంగములోని 19వ అధికరణము నుండి వచ్చినది. ఆయుధాలు లేకుండా శాంతియుతముగా సమావేశమయ్యే హక్కు పౌరులకు ఉన్నది. ప్రజా శాంతి కొరకు సమంజసమైన పరిమితులు విధించే అధికారము ప్రభుత్వానికి ఉన్నది. ఈ రెండింటి మధ్య సరిహద్దును క్రింది తీర్పులు గీసినవి.

* అనూరాధా భసీన్ కేసు (2020 జనవరి 10): న్యాయబద్ధమైన అభిప్రాయ ప్రకటనను, ప్రజాస్వామ్య హక్కుల వినియోగాన్ని అణచుటకు 144వ సెక్షనును వాడరాదని, ఉత్తర్వులకు కారణాలు చూపవలెనని సుప్రీం కోర్టు చెప్పినది.
* అమిత్ సాహ్నీ కేసు (2020 అక్టోబరు 7): ఢిల్లీలోని షాహీన్ బాగ్ నిరసనకు సంబంధించిన ఈ తీర్పులో, ప్రజా మార్గాలను నిరవధికముగా ఆక్రమించుట తగదని, నిర్దేశించిన స్థలాలలో నిరసన తెలుపవలెనని సుప్రీం కోర్టు చెప్పినది.
* దిశా రవి బెయిలు ఉత్తర్వు (2021 ఫిబ్రవరి 23): రైతుల ఉద్యమానికి మద్దతుగా తయారైన ఒక పత్రము విషయములో రాజద్రోహ నేరముపై అరెస్టయిన ఈ యువ వాతావరణ కార్యకర్తకు ఢిల్లీ కోర్టు బెయిలు ఇచ్చినది. ప్రభుత్వ విధానాలతో విభేదించినంత మాత్రాన పౌరులను జైలులో పెట్టరాదన్నది ఆ ఉత్తర్వు సారాంశము.
* జీ.వో. నెం. 1 (2023): 2022 డిసెంబరు 28న కందుకూరులోను, 2023 జనవరి 1న గుంటూరులోను తొక్కిసలాటలలో ప్రజలు మరణించిన తరువాత, రహదారులపై సభలను నియంత్రిస్తూ రాష్ట్ర ప్రభుత్వము 2023 జనవరి 2న ఈ ఉత్తర్వు ఇచ్చినది. పోలీసు చట్టము 30వ సెక్షను దీనికి ఆధారము. 2023 మే 12న హైకోర్టు దీనిని కొట్టివేసినది.
* ఎం.కె. రంజిత్‌సిన్హ్ కేసు (2024 మార్చి 21): వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుండి రక్షణ పొందే హక్కు రాజ్యాంగములోని 14, 21 అధికరణాలలో భాగమని సుప్రీం కోర్టు గుర్తించినది.

చివరి తీర్పు పౌరునికి ఒక కొత్త హక్కును ఇచ్చినది. కాని ఆ హక్కు కొరకు రోడ్డును అడ్డగించిన వానికి నేర విచారణలో అది సమర్థనగా నిలుస్తుందని ఆ తీర్పు చెప్పలేదు.

విశ్లేషణ

పై ఘటనలను కలిపి చూచినప్పుడు ఒక విషయము స్పష్టమౌతుంది. ఇక్కడి నిరసనకారునికి తీర్పులో పడే శిక్ష కంటె, తీర్పుకు ముందు అనుభవించే ప్రక్రియయే పెద్ద శిక్ష. రోడ్డుపై వంటా వార్పూ చేసినందుకు చట్టములో ఉన్నది కొద్ది వేల రూపాయల జరిమానా, లేక కొన్ని నెలల జైలు. దానికి హత్యాయత్నమో, ప్రభుత్వోద్యోగిపై దౌర్జన్యమో, అత్యాచారాల నిరోధక చట్టమో జతపడినప్పుడు బెయిలు కష్టమౌతుంది. విచారణలో ఆ పెద్ద సెక్షను వీగిపోయినను, జైలులో గడిచిన వారాలు తిరిగి రావు. విడుదలైన తరువాత సంవత్సరాల పాటు వాయిదాలు ఉంటాయి. ప్రతి వాయిదాకు రైతు ఒక రోజు పనిని, కూలీ ఒక రోజు కూలిని పోగొట్టుకొంటారు.

విద్యార్థుల విషయములో నష్టము మరొక రూపములో ఉంటుంది. పాస్‌పోర్టు చట్టము (1967) 6వ సెక్షను ప్రకారము క్రిమినల్ కోర్టులో కేసు నడుస్తున్నవారికి పాస్‌పోర్టును నిరాకరించవచ్చును, కోర్టు అనుమతి తెచ్చుకొంటే ఇస్తారు. కేవలము ఎఫ్.ఐ.ఆర్. నమోదైనంత మాత్రాన కేసు కోర్టులో నడుస్తున్నట్లు కాదు, కోర్టు అభియోగ పత్రాన్ని విచారణకు స్వీకరించవలెను. ప్రభుత్వోద్యోగాలకు జరిగే పోలీసు విచారణలోను పెండింగు కేసుల ప్రస్తావన వస్తుంది. విదేశీ విద్యను, ఉద్యోగాన్ని ఆశించే కృష్ణా, గుంటూరు జిల్లాల యువతకు ఇది జరిమానా కంటె బరువైన భయము.

రెండవ విషయము నిరసన సబబా కాదా అన్న ప్రశ్నకు సంబంధించినది. సోంపేటలో అనుమతి రద్దయినది. కంచ గచ్చిబౌలిలో పనులు నిలిచిపోయినవి. అంటే నిరసనకారులు లేవనెత్తిన ప్రశ్నలో బలము ఉన్నదని పర్యావరణ విషయాలను చూచే సంస్థలు, న్యాయస్థానాలు గుర్తించినవి. కాని నేర చట్టము రోడ్డు ఆగినదా లేదా అని మాత్రమే చూస్తుంది, ఎందుకు ఆగినదని అడుగదు. ఈ విషయములో బ్రిటన్ కోర్టులకు, ఇక్కడి కోర్టులకు పెద్ద తేడా లేదు.

మూడవది కేసుల ఉపసంహరణ. నాగరిక సురక్షా సంహిత 360వ సెక్షను (పాత 321) ప్రకారము పబ్లిక్ ప్రాసిక్యూటరు కోర్టు సమ్మతితో కేసును ఉపసంహరించుకొనవచ్చును. ఉపసంహరణ ప్రజా ప్రయోజనము కొరకే ఉండవలెనని సుప్రీం కోర్టు 2021లో కేరళ శాసన సభ కేసులో స్పష్టము చేసినది. ఆచరణలో ఒక నిరసనకు దేశ వ్యాప్త ప్రచారము వస్తే, లేక ప్రభుత్వము మారితే, కేసుల నుండి విముక్తి త్వరగా లభించవచ్చును. కంచ గచ్చిబౌలి విద్యార్థులకు కొద్ది రోజులలోనే ఉపశమనము వచ్చినది. శ్రీకాకుళం పల్లెల వారికి అటువంటి వేగము దక్కలేదు. ఒకే రకమైన నేరారోపణకు రెండు ఫలితాలు రావడానికి చట్టములోని తేడా కారణము కాదు.

ప్రభుత్వ పక్షము వాదన

కఠిన చర్యలను సమర్థించేవారి వాదనలోను బలము ఉన్నది. చినకాకాని వద్ద రహదారి ఆగితే అంబులెన్సులు, పరీక్షలకు వెళ్ళే విద్యార్థులు, రేవులకు సరుకు చేర్చే లారీలు ఆగుతాయి. వారెవరూ ఆ వివాదములో పక్షము కారు. ఒక సమూహానికి మినహాయింపు ఇస్తే ప్రతి సమూహమూ అదే కోరుతుంది. కందుకూరు, గుంటూరు తొక్కిసలాటలు నియంత్రణ లేని సమావేశాల ప్రమాదాన్ని చూపినవి. పర్యావరణ అభ్యంతరాలను వినిపించుటకు 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా ప్రకటన క్రింద ప్రజాభిప్రాయ సేకరణ సభలు, హరిత ట్రిబ్యునల్ వంటి మార్గాలు ఉన్నవని కూడ ఈ పక్షము చెబుతుంది.

దీనికి సమాధానముగా ఇచ్చే వాదన ఆ మార్గాల అందుబాటుకు సంబంధించినది. పర్యావరణ అనుమతిపై హరిత ట్రిబ్యునల్‌లో అప్పీలు 30 రోజులలో, తగిన కారణము చూపితే మరి 60 రోజులలో చేయవలెను. ఆంధ్ర ప్రదేశ్‌కు సంబంధించిన దక్షిణ ప్రాంత ధర్మాసనము చెన్నైలో ఉన్నది. అనుమతి వచ్చిన సంగతి ఊరికి తెలిసేది చాలా సార్లు యంత్రాలు పొలములోనికి వచ్చిన రోజుననే. అప్పటికి గడువు ముగిసి ఉండవచ్చును. అమరావతి విషయములో ట్రిబ్యునల్‌కు వెళ్ళినవారికి కొన్ని షరతులైనా లభించినవి. ఆ దారి తెలియనివారికి, లేక గడువు దాటినవారికి, మిగిలినది రోడ్డు.

నిందితులకు ఉన్న రక్షణలు

చట్టములోనే ఉన్న కొన్ని రక్షణలు సాధారణ పాఠకులకు అంతగా తెలియవు.

* 7 సంవత్సరాలు లేక అంతకు తక్కువ శిక్ష గల నేరాలలో యాంత్రికముగా అరెస్టు చేయరాదని సుప్రీం కోర్టు అర్నేష్ కుమార్ కేసులో (2014) చెప్పినది. అరెస్టు అవసరము లేనప్పుడు హాజరు కమ్మని నోటీసు (పాత 41ఎ, కొత్త 35వ సెక్షను) ఇవ్వవలెను.
* నిషేధాజ్ఞల ఉల్లంఘన నేరాన్ని కోర్టు స్వీకరించవలెనంటే సంబంధిత అధికారి వ్రాతపూర్వకముగా ఫిర్యాదు చేయవలెను (పాత 195, కొత్త 215వ సెక్షను). పోలీసుల అభియోగ పత్రము ఒక్కటే చాలదు.
* కేవలము జరిమానా మాత్రమే శిక్షగా గల నేరాన్ని 6 నెలలు దాటిన తరువాత, 1 సంవత్సరము వరకు జైలు గల నేరాన్ని 1 సంవత్సరము దాటిన తరువాత కోర్టు సాధారణముగా విచారణకు స్వీకరించరాదు (పాత 468, కొత్త 514వ సెక్షను).
* ఆధారము లేని కేసును కొట్టివేయమని హైకోర్టును కోరవచ్చును (పాత 482, కొత్త 528వ సెక్షను).
* న్యాయ సేవాధికార సంస్థల చట్టము (1987) ప్రకారము మహిళలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు, నిర్బంధములో ఉన్నవారు ఆదాయముతో నిమిత్తము లేకుండా ఉచిత న్యాయ సహాయము పొందవచ్చును.

ప్రస్తుత పరిస్థితి

2024 నాటి కొత్త సంహితలు పర్యావరణ నిరసనను ప్రత్యేక నేరముగా చేయలేదు. కాని నిషేధాజ్ఞల ఉల్లంఘనకు జైలు శిక్షను, దారిని అడ్డగించుటకు జరిమానాను పెంచినవి. దీనివలన చిన్న నేరాలు మునుపటి కంటె బరువైనవి. మరొక ప్రక్క, వాతావరణ దుష్ప్రభావాల నుండి రక్షణ ఒక హక్కు అని అదే సంవత్సరములో సుప్రీం కోర్టు గుర్తించినది. ఈ రెండు మార్పులు ఒకదానికొకటి ఎదురైనప్పుడు న్యాయస్థానాలు ఏమి చెబుతాయన్నది మున్ముందు జరిగే కేసులపై ఆధారపడి ఉన్నది. వరద దారిలో నగరము, పొలము, రహదారి, హైకోర్టు ప్రక్కప్రక్కనే ఉన్న మంగళగిరి ప్రాంతములో అటువంటి కేసు తలెత్తే అవకాశము ఇతర చోట్ల కంటె తక్కువ కాదు.

ఇవి కూడా చూడండి

* మంగళగిరి
* అమరావతి
* సోంపేట
* కొండవీటి వాగు
* బుడమేరు
* జాతీయ హరిత ట్రిబ్యునల్
* భారతీయ న్యాయ సంహిత